వాలుగీత

ఆరు దాటితే గేటు మూసేస్తానన్నాడు సవరిముత్తు.
దయ్యాల కోసమైతే శనివారం రావాల్సింది,
కాలేజీ పిల్లలు గుంపుగా వస్తారు, తోడుంటారు.
దయ్యం కోసం కాదు,
ఒక అక్షరం కోసం వచ్చానన్నాను.
పైనుంచి కిందిదాకా చూసి
టార్చి తీసుకుని ముందు నడిచాడు.

గోడ అవతల హోసూరు రోడ్డు హారన్లతో ఉడుకుతోంది.
ఇవతల, రెక్క విరిగిన దేవదూత తల మీద కాకి.
మేజర్లు, మేజర్ల భార్యలు,
కలరాకి ఒకే వారంలో పోయిన అన్నదమ్ములు,
గుర్రం మీంచి పడిన పాదిరి.
వీళ్ల మధ్యే ఎక్కడో తెల్లగౌను దొరసాని తిరుగుతుందని
ఆటో అబ్బాయి దారి పొడవునా చెప్పాడు.
చెప్పి, మీటరు మీద యాభై అడిగాడు.
దయ్యాలున్న చోటికి రేటు వేరేనట.
ముప్పైకి తెగ్గొట్టాను.

మా జేజినాయన తండ్రి ఓబయ్య
కదిరి వైపు నుంచి కరువుకు నడిచొచ్చాడు,
భుజాన ఉలుల సంచి, వెనక పెళ్లాం.
ఓనమాలు రావు, ఇంగ్లీషు మాట ఎత్తనే వద్దు.
కాయితమ్మీద రాసిచ్చిన గీతల్ని
ముగ్గు చూసి ముగ్గేసినట్టు
రాతి మీదికి దించేవాడు.
అక్షరానికి ఇంతని కూలి.

ఒకసారి, ఒక చంటిపిల్ల రాయి మీద
అటు వాలాల్సిన గీత ఇటు వాలింది.
కాంట్రాక్టరు ఆ ఒక్క అక్షరానికి కాదు,
రాయి మొత్తానికీ కూలి కోశాడు.
ఆ వారమంతా ఇంట్లో గంజి.
అప్పట్నుంచీ మా ఇంట్లో
ఏ పని చెడినా అది ఓబయ్య గీత.
పదో తరగతిలో నా లెక్కల మార్కులు ఓబయ్య గీత.
మా అమ్మ లెక్కలో నా పెళ్లి కూడా.

నేనిప్పుడు జిగని గ్రానైటు షోరూములో
వంటగట్ల రాళ్లు అమ్ముతాను.
పేరు చెక్కాలన్నా మిషనే చెక్కుతుంది.
దానికి గంజి అక్కర్లేదు.

ఏడో వరస చివర, లాంటానా పొద పక్కన
మోకాలెత్తు రాయి.
చీర కొంగుతో పాచి తుడిచాను.
ఆన్. నాలుగేళ్ల రెండు నెలలు. జ్వరం.
పేరులో రెండు ఎన్‌లు, పక్కపక్కనే.
మొదటిది సరిగ్గా నిలబడింది.
రెండోది
అద్దంలో తన మొహం తనే చూసుకుంటోంది.

వేలు పెట్టాను గాడిలో.
అంత లోతు ఎందుకు చెక్కాడో,
తప్పని తెలియకనే కదా.
ఇది ఆయన చెయ్యేనని రుజువేం లేదు.
ఈ ఊళ్లో రాయి కొట్టినవాళ్లు వందలు,
గంజి తాగినవాళ్లు అంతకు రెట్టింపు.

"ఈ పక్కకి దొరసాని రాదమ్మా,"
అరవం కలిసిన తెలుగులో అన్నాడు సవరిముత్తు.
"ముప్పై ఏళ్లయింది, నేనామెను చూడనే లేదు.
ఇక్కడ చప్పుడొకటే.
టక్, టక్, టక్. కొంచెం నిలుపు. మళ్లీ టక్.
వడ్రంగిపిట్ట అనుకుంటిని.
నడిరేయి ఏ పిట్ట కొడుతుంది, చెప్పండి?"

నా గొంతు నాకే కొత్తగా వినబడింది:
"ఆగినప్పుడు... ఉఫ్ మని
ఊదినట్టు వినిపిస్తుందా?"

టార్చి వెలుగు నా మొహం మీదికి తిరిగింది.
"మీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు.
మూడు దెబ్బలు, రాతిపొడి ఊదుకోడం, మళ్లీ దెబ్బ.
మా నాయన అట్లాగే కొట్టేవాడు,
ఊపిరితిత్తులు రాయి అయ్యేదాకా.

సవరిముత్తు గేటు వైపు నాలుగడుగులు వేశాక
రాయి చెవిలో అన్నాను:
వదిలెయ్యి తాతా, దిద్దొద్దు.
నువ్వది సరిచేస్తే
నిన్నెట్లా పోల్చుకునేది మేం?
పాపకీ అలవాటైపోయుంటుంది ఈపాటికి.

జవాబు రాలేదు.
లాంటానా పొదలో ఏదో కదిలి, ఊరుకుంది.

గేటు బయట ఆటో అబ్బాయి ఆత్రంగా అడిగాడు,
దొరసాని కనబడిందా అక్కా అని.
లేదన్నాను.
ఇల్లు చేరాక మీటరు మీద యాభై
చేతిలో పెడితే తెల్లబోయాడు.
ముప్పయ్యే కదా అన్నాడు.

ఉంచుకో నాయనా.
కూలి కోయడం
మా ఇంటా వంటా లేదు.